గుఱ్ఱపు నడకతో గుడులయాత్ర

(మన సంఘపు వారాంతపు సమావేశమున చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



గత సమావేశమున మన కుటుంబములలో ఒకదానికి చెందిన యువకుడు, గల్ఫు దేశమున ఉద్యోగము చేయుచున్నవాడు, తాను ఈజిప్టు దేశమున సెలవుదినములు గడపిన వైనమును చిత్రములతో వివరించెను. నైలునదీతీరమున లక్సారు పట్టణమునకు ఎదురుగా నున్న పడమటిగట్టున అతడు ఐదు దినములు గుఱ్ఱమెక్కి, ప్రాచీన దేవాలయముల నడుమను, చెఱకుతోటల గట్లపైనను, ఎడారి అంచునను సంచరించెను. ఆ చిత్రములను చూచిన పిమ్మట మన పిల్లలు మమ్ము రెండు ప్రశ్నలడిగిరి. మోటారుకారు దొరకుచుండగా గుఱ్ఱమెందులకు అనునది మొదటిది. అట్టి యాత్ర మన చంద్రపూరు ప్రాంతమున లేదా అనునది రెండవది. ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాము. మొదటిదానికి సరియైన ఉత్తరము దొరికినచో రెండవదానికి దానంతట అదియే దొరకునని మా నమ్మకము.

ముందుగా ఆ దేశపు నేల ఎట్టిదో తెలిసికొందము. ఈజిప్టులో పచ్చదన మంతయు నైలునది పెట్టిన భిక్ష. నదికి ఇరువైపుల పొలముల పట్టీ, దానిని దాటినంతనే ఇసుక. నడుమ మనకు వలె బీడుభూమి గాని పొదల అడవి గాని లేదు. ఒక పాదమును పైరులోను, ఒక పాదమును ఎడారిలోను మోపి నిలువదగిన చోట్లు అచ్చట కలవు. లక్సారువద్ద తూర్పుగట్టున కర్ణక్, లక్సారు అను మహాదేవాలయములు నిలిచియున్నవి. సూర్యుడస్తమించు పడమటిగట్టున రాజుల సమాధులును, గతించిన రాజుల పూజకై కట్టిన ఆలయములును కలవు. హాత్‌షెప్సుత్ రాణి ఆలయము కొండగోడను ఆనుకొని అంతస్తులుగా లేచును. రెండవ రామ్సెస్ కట్టించిన రామేసియము, మూడవ రామ్సెస్ కట్టించిన మెదీనెత్ హాబు పొలముల అంచున నున్నవి. వానికి ముందు చేల నడుమ మూడవ అమెన్‌హోతెప్ రాజు కూర్చున్నట్లు చెక్కిన రెండు విగ్రహములు కలవు. ఒక్కొక్కటి దాదాపు 18 మీటర్ల ఎత్తు. వాని వెనుకనుండిన ఆలయము చాలవఱకు నశించినది. ద్వారపాలకులవలె ఆ విగ్రహములు మాత్రము మిగిలినవి.

కారులో పోవువాడు ఈ విగ్రహములనుండి మెదీనెత్ హాబు చేరుటకు కొన్ని నిమిషములు చాలును. దిగును, చిత్రము తీసికొనును, మరల ఎక్కును. గుఱ్ఱముపై పోవువాని సంగతి వేఱు. నడకలో గుఱ్ఱము గంటకు ఆఱు కిలోమీటర్లకు మించి పోదు. జీనుపై కూర్చున్నవాని కన్ను నేలనుండి ఎనిమిది అడుగుల ఎత్తున నుండును. చెఱకుతోటపై నుండి దూరము కనబడును. మొదట ఆ విగ్రహములు వ్రేలెడంత కనబడును. కొంతసేపటికి మనిషియంత అగును. దగ్గఱకు వచ్చుసరికి తల యెత్తి చూడవలసి వచ్చును. ఆ పెరుగుదల యంతయు దారిలోనే జరుగును. మన దేశమున గోపురమును దూరమునుండి చూచి చేతులు జోడించు బాటసారి ఎట్లు క్రమక్రమముగా దేవుని సన్నిధిని చేరునో, ఇదియు అట్టిదే. ప్రాచీనులు గుడిని కట్టినప్పుడు గర్భగృహమును మాత్రమే కట్టలేదు. అచ్చటికి చేరు దారినికూడ మనసులో నుంచుకొని కట్టిరి. దారిని విడిచి గుడిని మాత్రము చూచినవాడు సగమే చూచినట్లు. గుఱ్ఱమెందులకు అను ప్రశ్నకు మా ఉత్తరమిదియే.

ఇచ్చట మఱియొక సంగతి చెప్పవలెను. ఈజిప్టులోని పిరమిడ్లు కట్టిన కాలమున ఆ దేశమున గుఱ్ఱమే లేదు. క్రీస్తుపూర్వము 17వ శతాబ్ద ప్రాంతమున, హిక్సోసులను పరదేశీయులు ఉత్తరభాగమును ఏలుచున్న దినములలో, గుఱ్ఱమును దానిని పూన్చిన రథమును అచ్చట ప్రవేశించెను. ఆలస్యముగా వచ్చినను గుఱ్ఱము రాజగౌరవము నందెను. 1922లో హోవర్డు కార్టరు కనుగొనిన టుటంఖామెను సమాధిలో ఆఱు రథములు దొరికినవి. రెండవ రామ్సెస్ క్రీస్తుపూర్వము 1274 ప్రాంతమున కాదేషువద్ద హిట్టైటులతో చేసిన యుద్ధమును తన ఆలయముల గోడలపై పెక్కుచోట్ల చెక్కించెను. ఆ శాసనములలో ఆతని రథాశ్వముల పేర్లుకూడ చిరస్థాయిగా నిలిచినవి. ఒకదాని పేరునకు తీబ్సునగరమున విజయము అని అర్థము. రెండవదాని పేరునకు ముత్ దేవి సంతుష్టురాలు అని అర్థము. సేన చెదరినప్పుడు తన వెంట నిలిచినవి ఆ గుఱ్ఱములేయనియు, ఇకమీదట ప్రతిదినము తన యెదుటనే వానికి దాణా పెట్టింతుననియు ఆ రాజు చెప్పినట్లు అచ్చట వ్రాయబడియున్నది.

ఇంతకంటె మనసునకు తగులు కథ మఱియొకటి కలదు. క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున దక్షిణమున సూడాను ప్రాంతమును ఏలిన పియే అను కుషురాజు ఈజిప్టుపై దండెత్తి, హెర్మోపొలిసు అను నగరమును ముట్టడించెను. నగరము లొంగిన పిదప అతడు ఓడిన రాజుయొక్క అశ్వశాలకు పోయెను. ముట్టడి దినములలో మేత లేక చిక్కి శల్యమైన గుఱ్ఱములను చూచెను. ఆ రాజు తనకు చేసిన ద్రోహములన్నిటికంటె ఈ గుఱ్ఱములను ఆకలికి మాడ్చుటయే తనకు ఎక్కువ బాధ కలిగించినదని అతడు పలికినట్లు ఆతని విజయశాసనము చెప్పుచున్నది. యుద్ధవిజయమును చాటుటకై చెక్కించిన శిలపై ఒక రాజు ఈ మాటకు చోటిచ్చుట గమనింపదగినది.

ఈ కథ ప్రాచీనకాలముతో ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యముతో ఈజిప్టునకు వచ్చిన గుఱ్ఱములలో అనేకములను యుద్ధానంతరము అచ్చటనే అమ్మివేసిరి. అవి కైరో వీధులలో బరువులు లాగుచు ముసలివయ్యెను. 1930లో ఆ నగరమునకు వచ్చిన డొరతీ బ్రూక్ అను ఇంగ్లీషు వనిత వాని దుస్థితిని చూచి, మఱుసటి సంవత్సరమున లండను పత్రికకు లేఖ వ్రాసి విరాళములు కోరెను. ఆ ధనముతో కొన్ని సంవత్సరములలో దాదాపు 5,000 గుఱ్ఱములను కొని వానికి బాధనుండి విముక్తి కలిగించెను. 1934లో కైరోలో ఒక ఉచిత పశువైద్యశాలను స్థాపించెను. ఆ సంస్థ నేటికిని బ్రూక్ అను పేరుతో మన దేశమునందును పనిచేయుచున్నది. కావున గుఱ్ఱముపై యాత్ర చేయగోరు మన యువకులకు మేము చెప్పునది ఒక్కటే. గుడిని చూచుటకు ముందు గుఱ్ఱపు వీపును చూడుడు. జీనుక్రింద పుండున్నదా, గిట్టలు చక్కగా నున్నవా, మిట్టమధ్యాహ్నము దానికి నీడ దొరకుచున్నదా అని అడుగుడు. దినమునకు ముప్పది లీటర్ల నీరు త్రాగు జంతువు అది. ఎండకాలమున అంతకంటెను ఎక్కువ. ఆ నీరు పెట్టనివాని గుఱ్ఱమును ఎంత చౌకగా దొరకినను ఎక్కరాదు. అది యాత్ర కాదు, పాపము.

ఎడారియు గుఱ్ఱమును అనినప్పుడు ఈజిప్టుతోపాటు మఱియొక యాత్రికుడు మాకు స్మరణకు వచ్చును. క్రీ. శ. 7వ శతాబ్దమున చైనానుండి మన దేశమునకు వచ్చిన హ్యూయన్‌త్సాంగు గోబీ ఎడారిని దాటవలసినప్పుడు, ఒక వృద్ధుడు ఆతని మంచి గుఱ్ఱమునకు బదులుగా తన ముసలి ఎఱ్ఱగుఱ్ఱము నిచ్చెను. అది ఆ దారిన పదునైదు మారులు పోయివచ్చినది. దారిలో నీటితిత్తి చేజారి నీరంతయు ఇసుకపాలయ్యెను. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు నీటిచుక్క లేక యాత్రికుడును గుఱ్ఱమును కూలబడిరి. ఐదవ రాత్రి చల్లగాలికి తేరుకొని కొంతదూరము నడచిన పిదప, గుఱ్ఱము కళ్లెమును లెక్కచేయక తానుగా ఒక ప్రక్కకు తిరిగి, పచ్చికయు నీటిమడుగును ఉన్నచోటికి కొనిపోయెనని ఆతని శిష్యుడు వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది. అట్లు బ్రతికి వచ్చినవాడే తరువాత కోసలదేశమును చూచి, అచ్చటనుండి దక్షిణముగా అడవిదారిన ఆంధ్రదేశమునకును, ధాన్యకటకమునకును చేరెను. ఆ కోసల రాజధాని మన ఈ చాందా ప్రాంతముననే యుండెనని కన్నింగ్‌హాం దొర ఒకప్పుడు తలచెను. తరువాతి పండితులు పలువురు ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూరువైపు మొగ్గిరి. ఏది యెట్లున్నను, మన ఉత్తరపు అడవులకును ఆంధ్రదేశమునకును నడుమ దారి యుండెననియు, ఆ దారిన విద్యార్థులును బిక్షువులును నడచిరనియు మనకు తెలియుచున్నది. ఇచ్చటి తెలుగువారు నిన్న రైలు దిగి వచ్చినవారే యని తలచువారికి ఈ సంగతి చెప్పవలెను.

ఇక రెండవ ప్రశ్న. అట్టి యాత్ర మనకిచ్చట లేదా? పెరటిచెట్టు మందునకు రాదని మన పెద్దలు ఊరకే అనలేదు. మనము నివసించుచున్న ఈ పట్టణమే గుఱ్ఱపుస్వారివలన పుట్టినదని ఇచ్చటివారు చెప్పుకొందురు. గోండురాజులు బల్లార్పూరు రాజధానిగా ఏలుచున్న దినములలో ఖాండ్క్యా బల్లాల్ షా అను రాజునకు దేహమంతయు వ్రణములు లేచెనట. ఒకనాడు అతడు గుఱ్ఱమెక్కి వేటకు బయలుదేరి, దప్పికగొని, ఎండిన జర్పటానది యిసుకలో నీటిచెలమను కనుగొని ముఖము కడుగుకొనెను. వ్రణములు మాయమయ్యెను. రాణి హీరాతనీ ఆ చోటును త్రవ్వించి చూడగా ఆవుగిట్టల జాడలవంటి గుంటలలో ఊరుచున్న తీర్థము బయటపడెను. అచ్చట అచలేశ్వరాలయము వెలసెను. ఆ దినములలోనే రాజు మఱియొక వింతను చూచెను. నుదుట తెల్లనిమచ్చ కల కుందేలొకటి ఆతని వేటకుక్కను తఱుముచుండెను. రాజు గుఱ్ఱముపై వెంబడించెను. కుందేలు వలయముగా పరుగెత్తి చివరకు కుక్కచేత చిక్కెను. అది పరుగెత్తిన దారివెంట కోటగోడ కట్టింపుమని రాణి చెప్పెనట. ఆ వలయమే నేటి మన పాతపట్టణము.

కథను కథగానే గ్రహింతము. కాని గోడ కథ కాదు. దాదాపు ఏడుమైళ్ల చుట్టుకొలత కల ఆ ప్రాకారము నేటికిని నిలిచియున్నది. జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర, బింబా అను నాలుగు దర్వాజాలును, ఐదు చిన్న ద్వారములును దానికి కలవు. మనము దినమునకు రెండుమారులు జట్‌పురా దర్వాజాక్రింద స్కూటరు హారను మ్రోగించుచు పోవుదుము. తల యెత్తి చూచినవారెందఱు? 2017లో ఎకో-ప్రో అను స్థానిక స్వచ్ఛందసంస్థవారు ఆ గోడపై పెరిగిన చెట్లను, చేరిన చెత్తను తొలగించు పని ప్రారంభించినప్పుడు, బురుజులనుండి బురుజులకు నడువదగిన దారి యున్నదని అనేకులకు మొదటిసారి తెలిసినది. గుఱ్ఱమెక్కినవాడు ఏడుమైళ్లను రెండుగంటలలో చుట్టివచ్చును. కాలినడకను మనకు ఒక ఉదయము చాలును.

ఈ ప్రాంతపు గోండులు గుఱ్ఱమును దేవతగాకూడ తలచినారు. కోడా పేన్ అనగా అశ్వదేవత; ఊరి వెలుపల ఆయనకు ఱాయి నిలిపి కొలుచు ఆచారము ఒకప్పటి గ్రంథములలో వ్రాయబడియున్నది. రాజుల కథలోను, ప్రజల పూజలోను గుఱ్ఱమునకు చోటిచ్చిన నేల ఇది.

ఇచ్చటినుండి రెండు యాత్రలు చేయదగియున్నవి. మొదటిది ఉత్తరమున దాదాపు 25 కిలోమీటర్ల దూరముననున్న భద్రావతికి. పూర్వము భాందకమనిరి. గుఱ్ఱమునకు అది ఒక్కదినపు మజిలీ. అచ్చట ఒక్క ఊరిలోనే మూడు మతముల ప్రాచీన చిహ్నములు కలవు. విజాసన్ కొండను తొలిచి బౌద్ధులు చేసిన గుహలో పొడవైన సొరంగపుదారి చివర బుద్ధుడు కూర్చుండియున్నాడు. పార్శ్వనాథుని జైనాలయమునకు దేశపు నలుమూలలనుండి యాత్రికులు వత్తురు. భద్రనాగుని గుడి హిందువులది. చెఱువులోని ద్వీపమునకు పోవుటకు రాతికంబములపై రాతిదూలములు పఱచి కట్టిన ప్రాత వంతెనయు కలదు. ఇటువంటి చోటు విదేశమున నుండినచో మనము చిత్రములు తెప్పించుకొని చూచియుందుము.

రెండవది మార్కండమునకు. మూల్ మార్గమున తూర్పుగా దాదాపు 65 కిలోమీటర్లు, గుఱ్ఱమునకు రెండుదినముల ప్రయాణము. 1982లో గడ్చిరోలి వేఱు జిల్లాయైన పిదప ఆ ఊరు ఆ జిల్లాలో చేరినది. వైన్‌గంగానది అచ్చట ఉత్తరమునకు తిరిగి పాఱును. ఆ వంపున, నదిగట్టుపై, దాదాపు 200 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు కల ఆవరణలో శిల్పములతో నిండిన శివాలయముల సముదాయము కలదు. పదునాఱేండ్ల ఆయువుతో పుట్టి, లింగమును కౌగిలించుకొని యముని గెలిచిన మార్కండేయుని కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ఆ బాలుని పేరిట గుడి, తండ్రి మృకండుని పేరిట గుడి, యమధర్మరాజు పేరిట గుడి, మూడును అచ్చట ఒక్క ప్రాంగణమున కలవు. 1873-74లో భారత పురావస్తుశాఖాధిపతి అలెగ్జాండరు కన్నింగ్‌హాం ఈ ప్రాంతమున పర్యటించి ఈ ఆలయములను వివరముగా వర్ణించెను. అప్పటికి ఆయనకు అఱువదియేండ్లు. ఖజురాహో శిల్పముతో పోల్చదగినవని పండితులు వీనిని ప్రశంసించిరి. పూర్వమెప్పుడో పిడుగుపడి ప్రధానాలయ శిఖరముయొక్క పైభాగము కూలెను. చుట్టునున్న చిన్నగుడులలో కొన్ని పునాదులు మాత్రమే మిగిలినవి.

మేము కొందఱము కలిసి మార్కండమునకు పోయినప్పుడు, ఊరికి మూడు కిలోమీటర్ల ముందే బస్సు దిగి నడచితిమి. మాలో పెద్దవారు మొదట గొణిగిరి. కాని చేలగట్టున నడచుచుండగా చెట్లసందున ముందు ఒక శిఖరము, కొంతసేపటికి మఱియొకటి, పిదప నదియొక్క తెల్లని యిసుక కనబడెను. వెంట వచ్చిన ఎనిమిదేండ్ల బాలిక ప్రతి మలుపున శిఖరములు లెక్కపెట్టి చెప్పుచుండెను. అంతకు మున్ను కారులో రెండుమారులు వచ్చిన ఆమె తండ్రి, నది ఇచ్చట వెనుకకు తిరుగుచున్న సంగతి తానెన్నడును గమనింపలేదని అనెను. ఇదియే గుఱ్ఱపునడక. గుఱ్ఱము లేకున్నను ఆ నడక మనకు సాధ్యమే.

ఇప్పుడు మనవారందఱు తప్పక వినవలసిన సంగతికి వచ్చుచున్నాము. ఈజిప్టు దక్షిణమున ఆస్వాన్ అను ఊరివద్ద ప్రాచీన రాతిగని యొకటి కలదు. అందులో దాదాపు 42 మీటర్ల పొడవు కల ఏకశిలాస్తంభము పండుకొనియున్నది. మూడుప్రక్కల చెక్కినారు, అడుగు మాత్రము కొండనుండి వేఱుకాలేదు. ఱాయి బీటలువాఱుటచే పని నిలిచిపోయెను. బరువు వేయిటన్నులకు పైమాట. నిలువెత్తున నిలిచిన స్తంభములకంటె ఈ పడుకొనియున్న స్తంభమును చూచుటకే జనులు ఎక్కువ ఆసక్తితో పోవుదురు. ఏలయన పూర్తియైన పనిలో పనివాడు కనబడడు. సగమైన పనిలో ఆతని ఉలిదెబ్బ కనబడును.

అట్టి దృశ్యము మన ఊరిలోనే కలదు. లాల్‌పేటలో ఆరుబయట నేలపై కొన్ని మహాశిలావిగ్రహములు పడియున్నవి. వానిలో పెద్దది పదితలల దుర్గ. దాదాపు 25 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు కల ఒక్కటే శిల. పదితలలు చూచి జనులు దానిని రావణుడనికూడ పిలుచుచుండిరి. చుట్టును గణపతి, హనుమంతుడు, నంది, శివలింగము, మత్స్యకూర్మములు కలవు. గోండురాజుల కాలమున రాయప్ప అను ధనవంతుడు శివునకు గొప్ప ఆలయము కట్టదలచి వీనిని చెక్కించెననియు, పని ముగియకముందే ఆతడు గతించుటచే ఆలయము లేవలేదనియు జిల్లా గ్రంథములు చెప్పుచున్నవి. ఆ గ్రంథములు ఆతనిని కోమటి అని పేర్కొనుచున్నవి. ఆ మాట మన భాషలో ఎట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. ఆతడు ఏ ఊరినుండి వచ్చెనో, ఇంటిలో ఏ మాట మాటలాడెనో చెప్పు శాసనము మాకు కనబడలేదు. కాని బొగ్గుగనులకును, బల్లార్పూరు కాగితపుమిల్లునకును మనవారు పనికి రాకముందే, రైలుదారి పడకముందే, మనకు పరిచితమైన పేరు కల వర్తకుడొకడు ఈ నేలను తనదిగా భావించి, ఇచ్చట సంపాదించినది ఇచ్చటనే దేవునికి సమర్పింపదలచెను. ఈ మాట మన పిల్లలకు చెప్పవలెనా, వద్దా?

ఆ శిలలు కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి. కాని శాఖవారి ఫలకము శిలను రక్షించునేగాని, స్మృతిని రక్షింపలేదు. స్మృతిని రక్షింపవలసినవారు చూచువారు. ఆస్వాన్‌లోని అసంపూర్ణస్తంభము పేరు చెప్పగల మన పిల్లలు లాల్‌పేట దుర్గను చూడలేదు. ఇది పిల్లల దోషము కాదు. చేయిపట్టుకొని కొనిపోవలసినవారు పెద్దలు.

తెలుగువారికి యాత్రాగ్రంథరచన క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో మరలివచ్చిరి. ఆ గ్రంథము 1838లో అచ్చయ్యెను. మజిలీ మజిలీకి దారి ఎట్టిది, నీరు ఎట్టిది, అంగడులలో ఏమి దొరకును అని ఆయన వ్రాసియుంచిరి. బోయీల నడకతో పోయినవాడు గనుకనే అన్ని సంగతులు వ్రాయగలిగెను. మనమిప్పుడు బల్లార్షాలో రైలెక్కి, నిద్రపోయి, కాజీపేటలో కన్ను తెఱచుచున్నాము. నడుమనున్న నదులు, అడవులు, గుడులు మన నిద్రలో దాటిపోవుచున్నవి.

కావున సంఘమునకు మా ప్రార్థన ఇది. మనకు అద్దెగుఱ్ఱములు లేవు. పులులు సంచరించు అడవిదారులలో గుఱ్ఱపుస్వారి కూడదనియు మాకు తెలియును. గుఱ్ఱము లేకున్నను గుఱ్ఱపువేగము మన చేతిలో నున్నది. రాబోవు శీతకాలమున మూడు ఆదివారములను ఇందులకు కేటాయింతము. మొదటి ఆదివారము ఉదయము కోటగోడవెంట నడచి, అచలేశ్వరుని, మహాకాళిని దర్శించి, లాల్‌పేట శిలలయొద్ద ముగింతము. రెండవ ఆదివారము యువకులు సైకిళ్లపై, పెద్దలు బండిలో భద్రావతికి పోవుదము. మూడవ ఆదివారము మార్కండమునకు. కడపటి మూడు కిలోమీటర్లు అందఱును నడువవలెను. ఎండ ముదురకముందే ముగించుకొనవలెను. మన చంద్రపూరు వేసవి ఏ ఎడారికిని తీసిపోదు గదా! శిలలపై ఎక్కరాదు, పేర్లు గీయరాదు, తిన్న ఆకులు వదలిరారాదు. మరాఠీ మాటలాడు పొరుగువారిని, గోండు సోదరులను పిలువవలెను; ఆ గుడుల కథలలో కొన్ని మనకు తెలియనివి వారికి తెలియును.

యాత్రకు వచ్చిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తాను చూచిన దానిని గూర్చి ఒక పుట తెలుగులో వ్రాయవలెను. బడిలో మరాఠీయు ఇంగ్లీషును చదువు మన పిల్లలకు తెలుగున వ్రాయుటకు కారణము దొరకుట అరుదైనది. ఇంటిలో మాటలాడిన భాషకు, కంటితో చూచిన ఊరికి, ముడివేయుటకు ఇంతకంటె మంచి అవకాశము మాకు కనబడుటలేదు. ఆ పుటలలో బాగుగానున్నవానిని మన ఈ వారపత్రికలోనే ప్రకటింపవలెనని సంపాదకులను కోరుచున్నాము.

ఈజిప్టునకు పోగలవారు తప్పక పోవలెను. గుఱ్ఱమెక్కవలెను, దాని వీపును ముందు చూడవలెను. పోలేనివారు చిన్నబుచ్చుకొననక్కఱలేదు. నైలునది అచ్చటి గుడులను కలిపినట్లే మన గుడులను కలుపు నదియు మనకు కలదు. మార్కండపు మెట్లను తడిపిన వైన్‌గంగ వార్ధానదితో కూడి ప్రాణహితయగును. తెలుగుమాట వీధులలో వినబడు సిరొంచయొద్ద, కాళేశ్వరునికి ఎదుట, ఆ ప్రాణహిత గోదావరిలో కలియును. ఆ నీరే భద్రాచలమును, రాజమహేంద్రవరమును దాటి సముద్రమునకు పోవును. మన తాతలు ఆ నీటికి ఎదురుగా నడచి ఇచ్చటికి వచ్చిరి. వారు నడచిన నేలను మనము నడచి చూచుట న్యాయము.